నాలుగు మడతల గుడ్డ

"ఈ నీళ్లు తాగడానికి పనికొస్తాయి."

నీటి శాఖ ఆఫీసరు బడి వరండా మీద నిలబడి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. మొదటిసారి చదివినప్పుడు జనంలో ఉలుకూ పలుకూ లేకపోయేసరికి, వినపడలేదేమోనని రెండోసారి గొంతు పెంచాడు. వినపడకపోవడమేం లేదు. మూడువందల మంది పొద్దుటినుంచి ఎండలో నిలబడి ఆ కాగితం కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నారు. విన్నదాన్ని నమ్మడానికే కాస్త సమయం పట్టింది. పన్నెండు సీసాల నీళ్లు పరీక్ష చేశారట. పన్నెండింటిలోనూ నూనె జిడ్డు ఉండదగిన హద్దులోనే ఉందట. కనుక కంపెనీ గొట్టం కారుతోందన్న ఫిర్యాదుకి ఆధారం లేదట. కనుక ఫైలు మూసేశారట.

జనంలోంచి ముసలి లైన్‌మన్ ముందుకొచ్చాడు. ముప్పై ఏళ్లపాటు కంపెనీ గొట్టం వెంబడి కర్ర పట్టుకుని నడిచి, ఎక్కడ కారుతోందో ఎక్కడ తుప్పు పట్టిందో చూసిన మనిషి. ఇప్పుడు అందరికీ తాత. చేతిలో గ్లాసుడు నీళ్లున్నాయి, అప్పుడే బోరింగు కొట్టి పట్టినవి. నీళ్ల పైన నూనె రంగులు తిరుగుతున్నాయి.

"చదివి చదివి గొంతెండిపోయుంటుంది బాబూ. పుచ్చుకోండి," అన్నాడు.

"ఇప్పుడే తాగొచ్చానండీ," అన్నాడు ఆఫీసరు.

"మేమూ తాగే వచ్చాం బాబూ. ఆరేళ్లనుంచీ తాగుతూనే ఉన్నాం. అయినా పెద్దవాళ్లు మళ్లీ తాగమంటే కాదంటామా?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ముందు వరసలో వదిన నిలబడి ఉంది.

లైన్లలో ఆమెను నాలుగు మడతల వదిన అంటారు. ఒకవైపు కంపెనీ ట్యాంకుల యార్డు గోడ, ఇంకోవైపు నల్లటి కాలువ, మధ్యలో తొమ్మిది వరసల రేకుల గదులు, వాటినే లైన్లంటారు. రేవులో ఓడలు దింపే ముడినూనెను యార్డుకి చేర్చే గొట్టం ఈ గదుల కిందుగానే పోతుంది. ఆరేళ్ల కింద ఒకరోజు బోరింగు నీళ్లలో పెట్రోలు వాసన వేసింది. కంపెనీకి చెబితే, మీ స్టవ్వుల కిరసనాయిలు ఒలికి ఉంటుందన్నారు. అంత కిరసనాయిలు ఒలకబోసుకునే స్తోమతే ఉంటే ఈ లైన్లలో ఎందుకుంటామని తాత అప్పుడే అన్నాడు. ఎవరూ ఆ మాట చెవిన పెట్టలేదు.

అప్పటినుంచి వడపోత మొదలైంది. బిందె పట్టి గంటసేపు కదపకూడదు. పైన తేలినదాన్ని గరిటెతో తీసేయాలి. ఆ తర్వాత పాత నూలుగుడ్డతో వడకట్టాలి. కొందరు రెండు మడతలు వేసేవారు, బద్ధకస్తులు ఒకటి. వదిన మాత్రం నాలుగు. ఎవరింటికి వెళ్లినా ముందు బిందె మూతికి కట్టిన గుడ్డ చూసేది. "ఏంటే, రెండే వేశావు? పిల్లలకి పోస్తున్నావా, పొయ్యికి పోస్తున్నావా?" అని నిలదీసేది. అలా ఆ పేరొచ్చింది. ఎండిన గుడ్డలు మధ్యలో నల్లగా అట్ట కట్టేవి. వాటితోనే పొయ్యి రాజేసుకునేవారు, అగ్గిపుల్ల చూపిస్తే చాలు భగ్గుమనేవి.

ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది తొమ్మిదేళ్లకే నీరసించింది. మోకాళ్ల కింద ఎక్కడా తగలకుండానే కమిలిన మచ్చలు వచ్చాయి, తర్వాత చిగుళ్లనుంచి రక్తం. రక్తం పాడైపోయిందన్నారు పట్నంలో. ఏ నీళ్లు తాగుతారని డాక్టరు ఒక్కసారి అడిగి కాగితం మీద రాసుకున్నాడు, మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. నాలుగు నెలల్లో పిల్ల పోయింది. ఆ రోజు లైన్లన్నీ కదిలి శవాన్ని యార్డు గేటు ముందు పెట్టాయి. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక్క ట్యాంకరు లారీ బయటికి పోలేదు. మర్నాటినుంచి నలభై రోజులు సమ్మె చేశారు. అప్పుడు దిగొచ్చింది ప్రభుత్వం. నీళ్లు పరీక్ష చేయిస్తామని కాగితం రాసిచ్చింది. ఆ పరీక్షను ఆ పిల్ల ప్రాణం పెట్టి తెచ్చింది.

ఇప్పుడు రెండు వారాలుగా చిన్నదాని మోకాళ్ల కింద మచ్చలు కనిపిస్తున్నాయి. దానికి ఆరేళ్లు. స్నానం చేయించేటప్పుడు వదిన వాటిని లెక్కపెడుతోంది. మొగుడు కూడా చూశాడని ఆమెకు తెలుసు. ఒకరితో ఒకరు అనుకోవడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు. రిపోర్టు వస్తే గొట్టం మూస్తారు, పట్నం కుళాయి వేస్తారు, చిన్నది దక్కుతుంది. ఆమెకున్న ఆశంతా అంతే. ఆఫీసరు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుంటే ఆమె చిన్నదాని చెయ్యి పట్టుకుని కదలకుండా నిలబడిపోయింది.

సాయంత్రం యూనియన్ షెడ్డులో మీటింగు. షిఫ్టు దిగినవాళ్లు ఒళ్లు కడుక్కోకుండానే వచ్చారు. కడుక్కోవాలన్నా అవే నీళ్లు.

"మనలో ఎవడో అమ్ముడుపోయాడు," అన్నాడు గ్యాస్‌కట్టరు. పాతికేళ్లవాడు, నోటికీ చేతికీ మధ్య దూరం తక్కువ.

"ఆధారం లేకుండా మాట్లాడకు," అన్నాడు వెల్డరు. యూనియన్‌కి పెద్ద అతనే.

"ఆధారం లేదని ఆ ఆఫీసరూ అన్నాడు. నువ్వూ అదే అంటున్నావు. ఇక తేడా ఏముందన్నా?" అని గ్యాస్‌కట్టరు నేరుగా వెళ్లి తాత చొక్కా పట్టుకున్నాడు. "ముప్పై ఏళ్లు వాళ్ల గొట్టం కాసినవాడివి నువ్వే. ఏ సీసా మార్చావో చెప్పు."

తాత చొక్కా విడిపించుకోలేదు. "గొట్టం కాశాను రా. చిల్లి పడితే పైవాళ్లకి చెప్పడం నా పని. ఆరేళ్ల కింద చెప్పాను కూడా. చెప్పిన వారానికే, నీకు వయసైపోయింది ఇంటికెళ్లమన్నారు. అప్పటిదాకా లేని వయసు ఆ ఒక్క వారంలో వచ్చిపడింది."

షెడ్డు గోలగోలగా ఉంది. ఒకడు లాబువాళ్లను తిట్టాడు, ఒకడు మంత్రిని తిట్టాడు, ఎవరి గొంతు ఎవరికీ వినపడలేదు. ఆ గోలలో ఒక మూల కాంపౌండరు రిపోర్టు నకలు ముందు పెట్టుకుని వేలితో గీస్తూ చదువుతున్నాడు. సందు చివర చిన్న ఆసుపత్రి అతనిది, పూర్వం పట్నంలో రక్తపరీక్షల లాబులో పనిచేసినవాడు. చివరికి తల తిప్పకుండానే అడిగాడు.

"ఆ రోజు సీసాల్లో నీళ్లు పట్టింది ఎవరు?"

"వదిన," అన్నారు నలుగురైదుగురు. అందులో రహస్యమేం లేదు. పరీక్షకొచ్చింది కూడా ఈ ఆఫీసరే, బూట్లకు బురద అంటుతుందని వ్యాను దిగలేదు. పెట్టె కిందకి దించి, పన్నెండు సీసాలూ నింపి మూతలు బిగించి తెమ్మన్నాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి చేత్తోనే పట్టిద్దామని అందరూ అనుకున్నారు. పైగా లైన్లలో ఆమె అంత శుభ్రమైన చెయ్యి ఇంకొకటి లేదు.

"ఎలా పట్టావమ్మా? మొదటినుంచి చెప్పు."

"సీసాలు మూడుసార్లు కడిగాను," అంది వదిన. "బోరింగు పక్కింటి అత్త కొట్టింది. మొదటి నాలుగు బిందెలు తుప్పు పోవాలని పారబోశాం. ఐదో బిందె పట్టి గంటసేపు కదపకుండా ఉంచాను. పైన తేలింది గరిటెతో తీసేశాను. ఆ తర్వాత గుడ్డ నాలుగు మడతలు వేసి వడకట్టి, సీసాల్లో..."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు తలలూపుతున్నారు. అవును మరి, నీళ్లు పట్టడమంటే అదే కదా. కాంపౌండరు మాత్రం కాగితం మీదనుంచి తలెత్తి ఆమెనే చూస్తున్నాడు. తర్వాత వెల్డరు చూశాడు. గ్యాస్‌కట్టరు చెయ్యి తాత చొక్కా మీదనుంచి దానంతటదే జారిపోయింది. ఒక్కొక్కరుగా ఆమె వైపు తిరిగారు. అందరికంటే ఆఖరున అర్థమైంది వదినకే.

"పట్నం పోయే నీళ్లు కదా," అంది మెల్లగా. "మురికిగా పంపితే మనం మురికి మనుషులమనుకుంటారని..."

"నలభై రోజుల సమ్మె," అన్నాడు వెనకనుంచి ఎవడో. "ఒక పిల్ల చావు. అంతా వడకట్టి అవతల పారబోసింది."

"నోరు ముయ్యరా," అని లేచింది బోరింగు పక్కింటి అత్త. యాభై దాటిన మనిషి, లైన్లలో ఎవరి పురుడైనా ఎవరి తగువైనా ఆమె లేందే తెల్లారదు. "బోరింగు కొట్టింది నేను. మూతలు బిగించింది నీ పెళ్లాం. పక్కన నిలబడి చూసినవాళ్లు పదిమంది. ఒక్కరికైనా ఆగమని చెప్పాలని తోచిందా? నీకిచ్చినా నువ్వూ అలాగే పట్టేవాడివి. ఆరేళ్లలో మనం వడకట్టకుండా ఎవరి చేతికి గ్లాసుడు నీళ్లిచ్చాం రా?"

వదినకు అత్త మాటలు సగమే వినపడ్డాయి. ఆమె బుర్రలో ఇంకేదో తిరుగుతోంది.

"గుడ్డ అంత బాగా పనిచేసిందంటే," అని కాంపౌండరును అడిగింది, "నీళ్లలో విషం పోయినట్టే కదా? మరి మా పెద్దదానికి ఎందుకలా అయింది? దానికి నేను వడకట్టనివి ఒక్క చుక్క కూడా పొయ్యలేదు."

కాంపౌండరు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడవడం అయిపోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు. "గుడ్డ జిడ్డును ఆపుతుందమ్మా. నీళ్లలో కరిగిపోయిన విషాన్ని ఏ గుడ్డా ఆపదు. నాలుగు కాదు, నలభై మడతలు వేసినా అంతే. వాళ్లు పరీక్షించింది జిడ్డు ఒక్కదాన్నే. కరిగినదాని జోలికే పోలేదు."

"అంటే అది తాగింది..."

"అవునమ్మా."

వదిన కూర్చుండిపోయింది. ఆరేళ్లు దేవుడి కంటే ఎక్కువగా ఆ గుడ్డను నమ్ముకుంది. ఊరందరికీ నేర్పింది. ఆఫీసర్ల కంట పడాల్సినదాన్ని అది ఆపేసింది, పిల్ల ఒంట్లోకి పోకూడనిదాన్ని వదిలేసింది. కంపెనీ ఆమెకు జీతమిచ్చి పెట్టుకున్నా అంతకన్నా బాగా పనిచేసేది కాదు. ఆమె ఏడుస్తుందని అందరూ ఎదురుచూశారు. ఏడవలేదు. చిన్నదాన్ని చంకనేసుకుని ఇంటికి వెళ్లిపోయింది, దారిలో ఎవరింటి బిందె వైపూ చూడలేదు.

మర్నాడు వెల్డరు, కాంపౌండరు, వదిన ముగ్గురూ నీటి శాఖ ఆఫీసుకు వెళ్లారు. ఆఫీసరు అంతా విన్నాడు. మధ్యలో ఒకసారి అతని మొహం వెలిగింది కూడా.

"అంటే ప్రభుత్వ పరీక్షను మీరే పాడు చేశామంటున్నారు."

"సీసాలు నింపాల్సింది మీరు సార్," అన్నాడు వెల్డరు. "వ్యానులో కూర్చుంది ఎవరు?"

"అది మీరు రుజువు చేసుకోండి. ఈవిడ పోలీసు స్టేషన్లో వాంగ్మూలం ఇస్తే ఈ రిపోర్టు చెల్లదు. కొత్త పరీక్షకు నేనే రాస్తాను. కాకపోతే సాక్ష్యం తారుమారు చేసిన కేసు ఈవిడ మీద పడుతుంది. జైలు తప్పకపోవచ్చు. ఇవ్వకపోతే రిపోర్టు అలాగే ఉంటుంది. మీ ఇష్టం."

కంచే చేను మేస్తూ, ఆవు మీద కేసు పెట్టించడమంటే ఇదే.

ఇలాంటి కబుర్లకు కాళ్లుంటాయి. మరుసటి పొద్దున్నే కాంట్రాక్టరు ఆమె గడపలో ఉన్నాడు. ఆమె మొగుడు ఇతని కిందే పని. ఖాళీ అయిన ట్యాంకుల్లోకి దిగి అడుగున పేరుకున్న మడ్డి పారతో గోకే పని. కాంట్రాక్టరు ఇదివరకెప్పుడూ ఆ సందులోకి రాలేదు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకోవాలని ఉన్నా మర్యాదకు ఊరుకున్నాడు.

"చెల్లెమ్మా," అన్నాడు. "నీ కష్టం నాకు తెలుసు. కంపెనీ పెద్దాసుపత్రిలో మాట్లాడాను. రక్తం జబ్బుల వార్డులో చిన్నదానికి మంచం సిద్ధంగా ఉంది. రేపే చేర్పిద్దాం. నువ్వు స్టేషను గడప తొక్కకుండా ఉంటే చాలు."

"చిన్నదాని సంగతి మీకెవరు చెప్పారు?"

మొగుడు గోడవైపు చూస్తున్నాడు. "నేనే," అన్నాడు. "కాళ్ల మీద మచ్చలొచ్చాయని చెప్పాను. కాళ్లావేళ్లా పడ్డాను. ఇంకేం చెయ్యమంటావు నన్ను?"

ఆమెకు అతని మీద కోపం రాలేదు. మచ్చలు చూసి కూడా అతను ఊరుకున్నాడని ఇన్నాళ్లూ అనుకుంది. ఒక్క క్షణం, ఆ మంచం తెల్లటి దుప్పటితో సహా ఆమె కళ్లముందు కనిపించింది. అవునంటే చాలు. ఏ తల్లి కాదంటుంది?

"అయ్యా," అంది కాంట్రాక్టరుతో. "మచ్చలని మాత్రమే కదా మా ఆయన చెప్పింది. పిల్లను ఇంకా ఏ డాక్టరూ చూడలేదు. దానిది రక్తం జబ్బని మీకెలా తెలిసింది?"

కాంట్రాక్టరు నీళ్లు నమిలాడు. "పెద్దదానికి అదే కదా... అందుకని ఆఫీసర్లు..."

"పెద్దది పోయినప్పుడు, దాని జబ్బుకీ మీ నూనెకీ సంబంధం లేదన్నారు ఆ ఆఫీసర్లే. ఇప్పుడు చిన్నదానికి మచ్చలనగానే ఏ వార్డో కూడా వాళ్లే చెబుతున్నారు. ఇంకా ఎన్ని మంచాలు సిద్ధం చేశారు? మా లైన్లలో నూటపది మంది పిల్లలున్నారు."

"ముందు నీ పిల్ల సంగతి చూసుకో చెల్లెమ్మా."

"చూసుకుంటాను. నయమై ఇంటికొచ్చాక అది ఏం నీళ్లు తాగాలో చెప్పి వెళ్లండి."

అతను చెప్పకుండానే వెళ్లాడు. వెళ్లాక మొగుడు నేలమీద చతికిలబడి, ఎన్నడూ లేనిది, గట్టిగా ఏడ్చాడు.

"మంచం వద్దన్నావు. ఇది కూడా పోతే?"

"నాకూ తెలీదు," అంది ఆమె. "నన్నడగకు. నాకేం తెలీదు." చిన్నది మధ్యలోకి వచ్చి, ఏమైందని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కాసేపటికి మొగుడే లేచాడు. సర్కారు ఆసుపత్రిలో చీటీ కోసం పొద్దున్నే లైను కట్టాలట, తాను తీసుకెళ్తానన్నాడు. కాంట్రాక్టరు ఇక పనిలోకి రానివ్వడని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం బోరింగు దగ్గర ఆడవాళ్లు గుమిగూడారు. వదిన స్టేషనుకు వెళ్తోందని అప్పటికే తెలిసిపోయింది.

"పోకూడదు," అంది ఒకామె. "ఒక పిల్ల పోయింది. ఇంకో పిల్ల మంచాన పడుతోంది. ఇప్పుడు తల్లి జైల్లోనా?"

"పోకపోతే రిపోర్టు ఉంటుంది," అంది వెల్డరు పెళ్లాం. "రేపు నీ పిల్లకొస్తే ఆ కాగితమే తెచ్చి మొహాన కొడతారు."

"పోవాలంటే అందరం పోదాం," అంది అత్త.

"పోయి ఏం చెప్తాం? సీసాలు పట్టింది మనం కాదుగా. అబద్ధం చెప్పమంటావా?" అంది మొదటామె.

"అబద్ధమెందుకే? నిజానికే దిక్కులేక చస్తున్నాం. వదిన చేసిన నేరమేంటి? నీళ్లు వడకట్టింది. నువ్వు ఇవాళ పొద్దున ఏం చేశావు?"

ఆమె ఆలోచించింది. "వడకట్టాను," అంది.

"అది చెప్పు చాలు."

నలభై ముగ్గురు బయల్దేరారు. ఇంట్లో వంట వదిలేసి కొందరు, వద్దన్న మొగుణ్ని వదిలేసి కొందరు. స్టేషను యార్డు గేటు ఎదురుగానే ఉంది. కంపెనీ స్థలమిచ్చి, కంపెనీయే సున్నం వేయించిన స్టేషను. ఇన్‌స్పెక్టరు వాళ్లను చూసి ముందు గొడవకొచ్చారనుకున్నాడు. వాంగ్మూలం ఇస్తామనేసరికి కాస్త తేలికపడి, రైటరును పిలిచి కుర్చీ వేయించాడు.

వదిన చెప్పింది. ఉన్నదున్నట్టు, బిందెల లెక్కతో సహా. రైటరు రాశాడు, చదివి వినిపించాడు, ఆమె వేలిముద్ర వేసింది. ఇన్‌స్పెక్టరు ఒక ఆడ కానిస్టేబులుకు సైగ చేశాడు. ఆమె వచ్చి వదిన పక్కన నిలబడింది.

"ఇక మీరంతా వెళ్లండి," అన్నాడు.

వెల్డరు పెళ్లాం వచ్చి ఖాళీ అయిన కుర్చీలో కూర్చుంది. "నాదీ రాయండి."

"నువ్వూ సీసాలు పట్టావా?"

"లేదు సార్. నీళ్లు వడకట్టాను. ఇవాళా, నిన్నా, ఆరేళ్లనుంచీ. అది నేరమైతే నాదీ నేరమే కదా?"

ఇన్‌స్పెక్టరుకు నవ్వొచ్చింది. ఆడవాళ్లను కాస్త బెదిరిద్దామనిపించింది. "సరే, రాసుకో. అందరివీ రాసుకో. ఎందరు జైలుకొస్తారో చూద్దాం," అని లోపలికి వెళ్లాడు. తన గొయ్యి తనే తవ్వుకుంటున్నానని అతనికి అప్పుడు తెలీదు.

రైటరు అలవాటైన మనిషి. వాంగ్మూలమంటే ఏం అడగాలో అతనికి వచ్చు. వడకట్టావు సరే, ఏం వడకట్టావని అడిగాడు. నూనె అంది. ఏ నూనె అన్నాడు. మీ ఎదురుగా లారీల్లో పోయేదే అంది. ఎంత అన్నాడు. బిందెకు గరిటెడు అంది. ఎక్కడి నీళ్లు అన్నాడు. మూడో వరస బోరింగు, గొట్టానికి పదడుగుల దూరం అంది. అతను తారీకుతో సహా అన్నీ రాశాడు. రెండో ఆమె వచ్చింది. ఐదో వరస బోరింగు, బిందెకు గరిటెన్నర. మూడో ఆమె. నాలుగో ఆమె. ఆరో ఆమె వాంగ్మూలం సగంలో ఉండగా ఇన్‌స్పెక్టరు బయటికొచ్చి, కాగితాలు చేతిలోకి తీసుకుని నిలబడి చదివాడు. చదువుతుంటే అతని మొహంలో రంగు మారింది. లాబు పరీక్షలో దొరకని నూనె తన స్టేషను రికార్డులో, తన రైటరు చేతిరాతతో, స్టేషను ముద్రతో బిందెలు బిందెలుగా తేలుతోంది.

"ఆపు," అన్నాడు. "ఇవి వాంగ్మూలాలు కావు. పెన్ను మూసెయ్."

"మీరే రాయమన్నారు కదా సార్," అంది అత్త.

"ఇప్పుడు వద్దంటున్నాను. బయటికి నడవండి."

ఎవరూ నడవలేదు. ఉన్నచోటే కింద కూర్చున్నారు. వరండాలో, మెట్ల మీద, మెట్ల కింద మట్టిలో. అదే సమయానికి యార్డులో షిఫ్టు మారింది. మగవాళ్లు గేటు దాటి వచ్చి చూస్తే ఎదురుగా స్టేషను నిండా తమ ఇళ్లవాళ్లే. వెల్డరు ఒక్క మాటే అన్నాడు, వాళ్లు అక్కడ కూర్చుంటే మనం ఇంటికెళ్లి ఎవరి చేతి నీళ్లు తాగుదామని. దిగినవాళ్లు రోడ్డు మీద ఆగిపోయారు. ఎక్కాల్సినవాళ్లు లోపలికి పోలేదు. గ్యాస్‌కట్టరు వెళ్లి తాత పక్కన నిలబడ్డాడు. క్షమించమని అడగలేదు కానీ, ఎండలో నిలబడలేకపోతున్న ముసలాయనకు భుజం ఆసరా ఇచ్చాడు. అటు నుంచి వచ్చిన ట్యాంకరు లారీలు ఒకదాని వెనక ఒకటి నిలిచిపోయాయి.

స్టేషన్లో ఫోను మోగడం మొదలుపెట్టింది. ఒకటి ఆగితే ఇంకొకటి. ఇన్‌స్పెక్టరు ప్రతిసారీ లేచి నిలబడి "ఎస్ సార్" అన్నాడు. వదినను వ్యాను ఎక్కించి పంపెయ్యాలనుకున్నాడు. వ్యాను స్టేషను గేటు దాటలేదు. రోడ్డంతా మనుషులే.

"దారి వదలండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు, వెల్డరు దగ్గరకొచ్చి.

"వదులుతాం సార్. అందరి వాంగ్మూలాలూ రాయండి. రాసినంతసేపు వ్యానుకూ దారి ఉంటుంది, లారీలకూ దారి ఉంటుంది. రాయడం ఆపితే మేమూ కదలం."

ఇన్‌స్పెక్టరు లారీల వరస చూశాడు. లోపలికొచ్చి, మళ్లీ మోగుతున్న ఫోను వైపు చూశాడు. రైటరు వైపు తిరిగి, రాయమనీ అనలేదు, వద్దనీ అనలేదు, కిటికీ దగ్గరకెళ్లి నిలబడ్డాడు. రైటరు పెన్ను మూత తీశాడు. ఆరో ఆమె సగంలో ఆగిన మాట పూర్తి చేసింది. తర్వాత ఏడో ఆమె చెప్పింది.

మొగుడు చిన్నదాన్ని ఎత్తుకుని వ్యాను దగ్గరకొచ్చాడు. సర్కారు ఆసుపత్రినుంచి అప్పుడే వచ్చాడు, చేతిలో చీటీ ఉంది. రక్తం తీసుకున్నారనీ, ఎల్లుండి రమ్మన్నారనీ చెప్పాడు. వదిన వ్యాను అంచున కూర్చుని పిల్లను ఒళ్లోకి తీసుకుంది. మోకాళ్ల దాకా గౌను పైకెత్తి చూసింది. నిన్న నాలుగున్నాయి. ఇవాళ ఆరు. పిల్ల తల వాసన చూసి, అక్కడే మొహం పెట్టుకుని అప్పుడు ఏడ్చింది. పెద్దదాని కోసం, చిన్నదాని కోసం, ఆరేళ్లపాటు తన రెండు చేతులూ చేసిన పని కోసం. కానిస్టేబులు అమ్మాయి తొందరపెట్టలేదు.

"ఎల్లుండి లైను వదలకు," అంది చివరికి. "ఎంతసేపైనా సరే, వదలకు."

వదలనన్నాడు. జనం రెండుగా చీలి దారిచ్చారు. ఎవరూ నినాదాలు ఇవ్వలేదు. వ్యాను వాళ్ల మధ్యనుంచి నెమ్మదిగా పోయింది.

లోపల అత్త వంతు వచ్చింది. కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఇంతసేపూ అందర్నీ ముందుకు తోసిన మనిషి, తన వంతు వచ్చేసరికి కొంగు చివర వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. రైటరు పెన్ను పట్టుకుని ఎదురుచూశాడు.

"మా కోడలికి చచ్చిన బిడ్డ పుట్టిందని లైన్లలో అందరికీ తెలుసు నాయనా," అంది. "కడుపుతో ఉన్నప్పుడు నీళ్లు ఎక్కువ తాగాలని, రోజూ పొద్దున్నే చెంబుడు వడకట్టి నా చేత్తో తాగించింది నేను. వద్దత్తా వాసనేస్తోంది అనేది. నేనే బలవంతంగా తాగించాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా అబ్బాయికి కూడా. రాయి."

రైటరు తలెత్తి ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు కిటికీ దగ్గరనుంచి ఇటు తిరగలేదు. రైటరు తల వంచుకుని రాయడం మొదలుపెట్టాడు.

అత్త వెనక ఇంకా ముప్పై ఐదుగురు ఉన్నారు.